పుర్రచేతి తుపాకీ

ఆ ఇంట్లో మూడు తుపాకులుండేవి. మూడూ రైఫిళ్లే. మూడింటిలో ఏ ఒక్కటీ మనిషి మీద పేలిన పాపాన పోలేదు. బహ్రెయిన్‌లోని హమద్ టౌన్‌లో రెండంతస్తుల ఇల్లు అది. కింద ముసలాయన, పైన పెద్దకొడుకు యూసుఫ్, అతని భార్యాపిల్లలు. కింద వీధివైపు మజ్లిస్, అంటే వచ్చిన మగవాళ్లు కూర్చునే పెద్దగది. ఆ గదిలో ఓ మూల ఇనుప బీరువా, దాన్లో తుపాకులు. తూటాలు మాత్రం పైన యూసుఫ్ గదిలో వేరే తాళం కింద ఉండేవి. తండ్రికి చేతులు వణకడం మొదలయ్యాక యూసుఫే ఆ ఏర్పాటు చేశాడు.

సత్యదుర్గ ఆ ఇంట్లో పనిమనిషి. ఊరు కోనసీమలో అల్లవరం దగ్గర. మొగుడు లోవరాజు పెళ్లయిన మూడో ఏడే కాకినాడలో ఇంకొకావిడతో కాపురం పెట్టాడు. పిల్లల్లేరు. అయినవాళ్లంటే చెల్లెలు సాయికుమారి ఒక్కతే. బహ్రెయిన్ వచ్చిన కొత్తలో తుబ్లీలో ఒక ఇంట్లో చేసి, ఆ ఇంటివాళ్లు వేరేచోటికి మారిపోతే ఇక్కడికి వచ్చింది. ఈ ఇంటి పెద్దావిడ మర్యమ్ కాలం చేసిన ఏడాదే దుర్గ వచ్చింది. ఆవిణ్ని దుర్గ ఎన్నడూ చూడలేదు. ఫొటో కూడా చూడలేదు. ఆ ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు గోడలకెక్కవు.

ఇంట్లో జనానికి లోటు లేదు. మెట్ల మీద పిల్లల పరుగులు, శుక్రవారం చిన్నకొడుకు ఫైసల్ సంసారం, అత్తలు, మేనత్తలు, పళ్లేలకు పళ్లేలు అన్నం. అంతమందిలో దుర్గతో మాట్లాడేవాళ్లెవరంటే, "దుర్గా, చాయ్" అనేవాళ్లే. పైఅంతస్తులో పనిచేసే పిల్లది ఇథియోపియా నుంచి వచ్చింది. ఆ పిల్ల భాష దుర్గకు రాదు, దుర్గ భాష ఆ పిల్లకు రాదు. ఇద్దరూ ఎదురుపడితే నవ్వుకునేవారు. నవ్వు ఎంతసేపని నవ్వుతారు? అస్కర్ వైపు కూలీల క్యాంపుల్లో తెలుగు మగవాళ్లు బోలెడంత మంది ఉన్నారని వినడమే గానీ, హమద్ టౌన్ ఇళ్లలో తెలుగు ఆడవాళ్లున్నారో లేదో ఆ గోడలకే తెలియాలి. ఒక్కోరోజు రాత్రి పడుకోబోయే ముందు దుర్గకు అనుమానం వచ్చేది, పొద్దుట్నుంచీ తను నోరు తెరిచి ఒక పూర్తి మాట అన్నదా అని. లేదనే తేలేది.

గురువారం సాయంత్రం మాత్రం లెక్క వేరు.

గురువారం అసర్, అంటే సాయంత్రపు నమాజు అయ్యాక ముసలాయన మజ్లిస్‌లో తివాచీ మీద పాతదుప్పటి పరిపించి, బీరువా తెరిచి, తుపాకులు ఒక్కొక్కటే తీసి తుడుచుకునేవాడు. ఆయన్ని దుర్గ బాబా అని పిలిచేది. గల్ఫ్‌లో ఇంటి యజమానిని పనివాళ్లంతా పిలిచే పిలుపే అది. చేతులు వణకడం వల్ల గుడ్డ పట్టుకోవడానికీ, నూనెడబ్బా మూత తియ్యడానికీ ఒక మనిషి తోడు కావాలి. కొడుకులకి తీరదు. మనవలకి ఫోన్లు చాలు. అందుకని దుర్గను పిలిచాడు. వయసులో ఉండగా బొంబాయికి తిరిగిన మనిషి కనక ఆయనకు హిందీ వచ్చు. సగం హిందీ, సగం అరబ్బీ కలిపి మాట్లాడేవాడు. దుర్గకు రెండూ సగం సగమే వచ్చు. సగం సగం కలిసి వాళ్లిద్దరికీ ఒక పూర్తి భాష అయింది.

మొదటిది పొడుగాటి పాత తుపాకీ, వాళ్ల నాన్నది. "ఇది పేల్చడానికి కాదు, పట్టుకుని నిలబడటానికి" అన్నాడు బాబా. పండగలకీ పెళ్లిళ్లకీ ఇక్కడ మగవాళ్లు వరసకట్టి, కత్తులూ తుపాకులూ భుజాన పెట్టుకుని, డప్పులకు మెల్లగా ఊగుతూ అర్దా అనే ఆట ఆడతారు. వాళ్ల నాన్న ప్రతి ఈద్‌కీ ఆ తుపాకీతో వరసలో నిలబడేవాడట. బాబా చిన్నపిల్లాడు, వెనక నిలబడి చూసేవాడు. "మా నాన్న మొహం నాకిప్పుడు సరిగ్గా గుర్తు లేదు. ఈ తుపాకీ పెట్టుకున్న భుజం మాత్రం గుర్తుంది. అందుకే ఉంచుకున్నాను."

రెండోది వేటతుపాకీ. కుర్రతనంలో బాబా, మరో ముగ్గురు స్నేహితులూ కలిసి ఒకే దుకాణంలో, ఒకే రోజు, ఒకే రకం తుపాకులు నాలుగు కొన్నారు. ఎడారిలో ఒకడి తూటాలు అయిపోతే ఇంకొకడివి వాడుకోవచ్చని ఆ ఏర్పాటు. పక్కదేశాల ఎడారులకి నలుగురూ వేటకి పోయేవారు. కొట్టిన జింకలకంటే తాగిన టీలే ఎక్కువట. ఆ ముగ్గురూ పోయారు. వాళ్ల కొడుకులు వాళ్ల తుపాకులు వదిలించుకున్నారు. "నాలుగింట్లో మిగిలింది ఇదొక్కటే. దీన్ని నేనూ వదిలేస్తే మేం నలుగురం ఉన్నామని ఎవరు చెప్తారు?" అని దుర్గనే అడిగాడు, దుర్గకేదో తెలిసినట్టు.

మూడోది చిన్నది, తేలిగ్గా ఉండేది. దాన్ని తుడవడానికి చేతిలోకి తీసుకున్న మొదటిరోజే దుర్గకు వింత అనిపించింది. తుపాకీ పక్కన గడియలా ముందుకూ వెనక్కూ జరిగే ఇనుపపిడి ఒకటుంటుంది. తూటా లోపలికి తోసేది అదే, దాన్నే బోల్టు అంటారు. మిగతా రెంటికీ అది కుడివైపు ఉంది. దీనికి ఎడమవైపు ఉంది. దుర్గ ఎడమచెయ్యి తనంతట తనే వెళ్లి ఆ పిడి మీద వాలింది. వాలి, చక్కగా పట్టుకుంది. బాబా ఆ చేతిని చూశాడు.

దుర్గది పుర్రచేతివాటం. చిన్నప్పుడు అమ్మమ్మ పాపాయమ్మ ఆ చేతికి గుడ్డ చుట్టి ముడేసేది. పుర్రచేత్తో వడ్డించకు, పుర్రచేత్తో పువ్వులివ్వకు, పుర్రచేత్తో డబ్బు తియ్యకు అని ఊరంతా మొత్తుకునేది. బహ్రెయిన్ వస్తే ఇక్కడా అదే పాట. ఎడమచేత్తో టీకప్పు అందిస్తే తుబ్లీ ఇంట్లో ముసలావిడ కప్పు తీసుకునేది కాదు. ప్రపంచంలో ఎన్ని గొడవలున్నా ఈ ఒక్క విషయంలో మాత్రం అల్లవరానికీ అరబ్బులకీ ఏ పేచీ లేదు. దుర్గ కుడిచేత్తోనే బతకడం నేర్చుకుంది. ఎవరూ చూడనప్పుడు మాత్రం చేప ఎడమచేత్తోనే కోసేది.

ఆవేళ ఆ చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కోబోతే బాబా నవ్వాడు. "ఉండనీ, ఉండనీ. మర్యమ్‌దీ అదే చెయ్యి."

పెళ్లయిన కొత్తలో చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకున్నప్పుడు, తనకూ తుపాకీ కాల్చడం నేర్పమని మర్యమ్ అడిగిందట. నేర్పబోతే బోల్టు ఆవిడ చేతికి అందదు. మీ మగవాళ్ల తుపాకులన్నీ అటువైపువాళ్లవే అని అలిగి కూర్చుంది. బాబా ఊరంతా వెతికాడు. పుర్రచేతివాళ్లకోసం చేసిన తుపాకీ ఎక్కడా లేదు. చివరికి విదేశం నుంచి తెప్పించాడు. అది వచ్చేసరికి ఏడాది పట్టింది, ఆవిడ అలక తీరడానికి మాత్రం పూట కూడా పట్టలేదు. ఖాళీడబ్బాలు వరసగా పేర్చి ఇద్దరూ పోటీపడి కాల్చేవారట. "ఎప్పుడూ ఆమే గెలిచేది. నేను కావాలని ఓడిపోతున్నాననుకునేది కానీ, నిజంగానే ఓడిపోయేవాణ్ణి" అని బాబా నవ్వాడు. ఆ నవ్వు చివరికి వచ్చేసరికి ఆయన కళ్లు తడిశాయి.

అప్పట్నుంచి ఆ తుపాకీ దుర్గ వంతు అయింది. తన చేతికోసం చేసిన వస్తువు ఈ భూమ్మీద ఒకటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. చీపురు ఏ చేతికైనా ఒకటే. కత్తెర, నీళ్ల కుళాయి, కుట్టుమిషను చక్రం, అన్నీ అవతలి చేతివే. ఇదొక్కటే ఇవతలిది. దుర్గకు తుపాకుల మీద మోజేమీ లేదు. పేలుడు శబ్దం వింటేనే దడ. కానీ గురువారం సాయంత్రం ఆ బోల్టుని ఎడమచేత్తో వెనక్కి లాగి, తుడిచి, ముందుకు తోసి మూసినప్పుడు వచ్చే టిక్కుమనే శబ్దం కోసం వారమంతా ఎదురుచూసేది. తను చూడని ఒక ఆడమనిషి చెయ్యి పట్టుకున్నట్టుండేది. బీరువా తాళంచెవి బాబా ఎక్కడో పెట్టి మర్చిపోతుంటే, "నీ దగ్గరే ఉంచు" అని దుర్గకే ఇచ్చేశాడు.

తుడవడం అయ్యాక బాబా ఆ చిన్నతుపాకీని రెండు చేతుల్లోకి తీసుకుని, కాల్చేటప్పుడు చెంప ఆనించే కర్రభాగం దగ్గర ముక్కు పెట్టి కళ్లు మూసుకునేవాడు. "మర్యమ్ తలనూనె వాసన. ఇంకా ఉంది" అనేవాడు. బొంబాయి నుంచి వచ్చే కొబ్బరినూనె తప్ప ఆవిడ ఇంకోటి రాసేది కాదట. ఏళ్ల తరబడి ఆ తల ఆనీ ఆనీ కర్రలోకి నూనె ఇంకింది. "నేను దీన్ని ఎందుకు ఉంచుకున్నానని కొడుకులు అడుగుతారు. వాళ్లకేం చెప్పను? వాసన కోసమని చెప్పనా?"

కర్ర ఆ వాసనని ఎన్నాళ్లని మోస్తుంది? దుర్గ వచ్చిన రెండో ఏడు వేసవిలో ఒక గురువారం బాబా ముక్కు ఆనించి, తీసి, మళ్లీ ఆనించాడు. కర్ర ఇటుతిప్పి చూశాడు, అటుతిప్పి చూశాడు. తుపాకులు లోపల పెట్టించి, చాయ్ కూడా తాగకుండా లేచిపోయాడు. ఆ తర్వాతి గురువారం బీరువా తెరవలేదు. ఆ తర్వాతి గురువారమూ తెరవలేదు. దుర్గ అసర్ నమాజు అయ్యేదాకా వంటింటి గుమ్మంలో నిలబడి, పిలుపు రాక, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. ఆ ఇంట్లో తనకున్న ఒక్క మనిషీ పోతున్నాడని భయమేసింది. ఏడుపు కూడా వచ్చింది.

సాయికుమారి ఎవరైనా వస్తుంటే వాళ్లచేత గానుగనూనె పంపిస్తుంది. అంబాజీపేట నూనె. దుర్గ తలకు అదే రాసుకుంటుంది. బుధవారం బాబా నిద్రపోయినప్పుడు బీరువా తెరిచి, వేలితో ఒక్క చుక్క తీసుకుని, ఆ చెంప ఆనించేచోట రుద్ది, గుడ్డతో తుడిచేసింది. మర్నాడు తనే వెళ్లి అడిగింది, "బాబా, ఇవాళ తుపాకులు తుడవద్దా?" అని. ఆయన అయిష్టంగానే లేచాడు. చివర్న చిన్నతుపాకీ అందుకుని, అలవాటుకొద్దీ ముక్కు ఆనించాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. "ఉంది, దుర్గా. నేనే ముసలివాణ్ణయిపోయి పోగొట్టుకున్నాను. ఉంది" అన్నాడు.

ఆరోజు ఆయన రెండు కప్పుల చాయ్ తాగాడు. మర్యమ్ కబుర్లు పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించేదాకా చెప్పాడు. ఇక ఆ తర్వాత ప్రతి బుధవారం ఒక చుక్క. మోసమని దుర్గకు తెలియక కాదు. ముసలాయన సుఖంగా ఉన్నాడు, ఎవరి సొమ్మూ పోలేదు అని సర్దిచెప్పుకునేది. ఆయనకోసం చేస్తున్నాననుకునేది కానీ అందులో సగం తనకోసమే. ఆ సగం సంగతి కూడా ఆమెకు తెలుసు.

ఇలా ఏళ్లు గడిచాయి. ఈ ఏడాది మే నెలలో బాబాకి ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారు. వారాలు గడిచినా ఇంటికి రాలేదు. కింది అంతస్తు మొత్తానికి దుర్గ ఒక్కతే. తుడిచిన గదులే తుడిచేది. గురువారం వచ్చింది. ఉండబట్టలేక బీరువా తెరిచి, చిన్నతుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సన్నముక్కు నూనెడబ్బా, బాబా వాడేది, వంచి చూస్తే ఖాళీ. కొత్తది ఎవరిని అడుగుతుంది? తన సీసా తెచ్చుకుంది. నూనె నూనే కదా అనుకుంది. పిల్లకి తలంటినట్టు కర్రకీ, ఇనుముకీ, బోల్టు లోపలి గాడిలోకీ నిండుగా పట్టించింది. పట్టిస్తూ తెలుగులో మాట్లాడింది. బాబా ఆరోగ్యం సంగతి, యూసుఫ్ భార్య కేకల సంగతి, సాయికుమారి కూతురు పుష్పవతి అయిన సంగతి, అన్నీ ఎన్నడూ చూడని మర్యమ్‌కి చెప్పింది. తర్వాత బీరువాలో పెట్టి తాళం వేసింది.

కోనసీమలో పుట్టినవాళ్లకి కొబ్బరినూనె స్వభావం కొత్తగా చెప్పక్కర్లేదు. చలికి పేరుకుని రాయవుతుంది. ధనుర్మాసంలో నూనెసీసా పొద్దున్నే పెరట్లో గోడమీద ఎండకి పెట్టని ఇల్లుండదు. కానీ బయట నిప్పులు కురుస్తుంటే చలికాలం ఎవరికి గుర్తొస్తుంది? మజ్లిస్‌లో ఏసీ రాత్రీ పగలూ ఆగదు. బయట రోహిణీకార్తె అయితే ఆ గదిలో ఎప్పుడూ పుష్యమాసమే. దుర్గ ఆ మాట మర్చిపోయింది.

జూన్‌లో బాబా ఇంటికొచ్చాడు. చిక్కిపోయాడు. చేతులు ఇంకా వణుకుతున్నాయి. శుక్రవారం భోజనాలయ్యాక యూసుఫ్ మజ్లిస్‌లో తండ్రి ఎదురుగా కూర్చుని మాట తీశాడు. దుర్గ చాయ్ పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గర ఉంది.

"నాన్నా, తుపాకుల లైసెన్సులు ఇంక మీ పేర ఉండటం మంచిది కాదు. తాతగారిది నేను తీసుకుంటాను. వేటది ఫైసల్ తీసుకుంటాడు. ఆ చిన్నది ఎవరి చేతికీ రాదు. రేపు పోలీసులకు అప్పగించేద్దాం. ముక్కలు చేస్తారో ఏం చేస్తారో వాళ్లిష్టం."

బాబా తలెత్తాడు. "అది మీ అమ్మది."

"తెలుసు. కానీ దానికి ఎవరు పూచీ?"

"నువ్వు పూచీ. నీ పేర రాయించుకో. ఇక్కడే ఉంటుంది. నేను పోయాక నీ ఇష్టం."

యూసుఫ్ చెడ్డవాడేం కాదు. "సరే. పనిచేసే తుపాకీ అయితే నా పేర పెట్టుకుంటాను. తుప్పుపట్టిన ఇనుముకి మాత్రం నేను జవాబు చెప్పలేను. తెప్పించండి, చూస్తాను" అన్నాడు.

దుర్గ పళ్లెం కిందపెట్టి, బీరువా తెరిచి, తుపాకీ తెచ్చి ఇచ్చింది. యూసుఫ్ బోల్టు లాగాడు. రాలేదు. తిరగేసి ఎడమచేత్తో లాగాడు. రాలేదు. ఫైసల్ తీసుకుని మోకాలితో అదిమిపట్టి లాగాడు. కదల్లేదు. "ఖలాస్" అన్నాడు ఫైసల్, అంటే పని అయిపోయిందని. "లోపలంతా పట్టేసింది నాన్నా. ఇది పోయింది."

బాబా ఆ తుపాకీని అందుకుని, వణికే వేళ్లతో తనూ లాగాడు. ఆ వేళ్లకి చాయ్ కప్పు ఎత్తే బలం లేదు. "నేను ఆసుపత్రిలో ఉన్నాను. ఎవరూ చూసుకోలేదు" అన్నాడు. ఎవరినీ నిందించలేదు. దుర్గకు అది ఇంకా కష్టంగా ఉంది.

ఏసీ చలికి నూనె లోపల పేరుకుందని చూడగానే ఆమెకు అర్థమైంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. తేలుకుట్టిన దొంగలా నిలబడింది. నోరు మూసుకుంటే రేపీపాటికి ఆ తుపాకీ ముక్కలవుతుంది. తన చేతి తుపాకీ, మర్యమ్ తుపాకీ. నోరు విప్పితే, ఆయన ఇన్నాళ్లూ వాసన చూసింది ఎవరి నూనెనో బయటపడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోనీ నూనె ఊసెత్తకుండా ఎండలో పెట్టమని చెప్పేస్తే? ఎండ దాని పని అది చేస్తుంది, ఎవరికి తెలుస్తుంది? అనుకుంది. ఆశ పాడుది, తెలివిని కమ్మేస్తుంది.

"బాబా, కాసేపు ఎండలో పెట్టి చూడండి. మా ఊళ్లో ఇనుము బిగుసుకుంటే అలాగే చేస్తారు" అంది.

ఫైసల్ నవ్వాడు. యూసుఫ్ నవ్వలేదు కానీ లేచి వెళ్లబోయాడు. బాబా చెయ్యెత్తి ఆపాడు. "ఆమెకు ఆ తుపాకీ సంగతి తెలుసు. పెట్టనివ్వండి."

దుర్గ వాకిట్లో నీళ్లట్యాంకు మూతమీద తువాలు పరిచి తుపాకీ పడుకోబెట్టింది. మధ్యాహ్నపు ఎండ. ఇనుము మీద చెయ్యి పెడితే కాలుతోంది. బాబా కూడా చేతికర్ర పట్టుకుని వచ్చి గోడనీడలో కుర్చీ వేయించుకున్నాడు. కొడుకులిద్దరూ ఆయన వెనక నిలబడ్డారు. చాలాసేపు పట్టలేదు. దుర్గ కొంగు చేతికి చుట్టుకుని, ఎడమచేత్తో బోల్టు ఎత్తి లాగింది. వెన్నలో చాకులా వచ్చేసింది. ముందుకు తోసింది. టిక్కుమంది.

"వల్లాహి!" అని దేవుడి మీద ఒట్టేశాడు యూసుఫ్, నమ్మలేక. బాబా మొహం ఒక్కసారి వెలిగిపోయింది. చప్పట్లు కొట్టబోయాడు, వణికే చేతులు ఒకదానికొకటి సరిగ్గా తగల్లేదు. దుర్గ నవ్వింది. అయిపోయింది, గండం గడిచిందనుకుంది.

అప్పుడు లేచింది వాసన. ఎండకి కాగిన నూనె బోల్టు సందుల్లోంచి కారి, గొట్టం పొడుగునా జారి, తెల్లతువాలు మీద పచ్చగా మరకైంది. వాకిలంతా కొబ్బరివాసన. ఫైసల్ ముక్కు ఎగబీల్చాడు. "ఇది తుపాకీనూనె కాదు. వంటనూనెనా ఏంటి?"

యూసుఫ్ తువాలుకి వేలు రాసి వాసన చూశాడు. పిల్లలు మెట్ల దగ్గర ఆటాడుతూ దుర్గ వెళ్తుంటే ముక్కులు మూసుకుని వెక్కిరించే వాసన అది. అతను దుర్గ జడవైపు చూశాడు. "ఇది నీ తలనూనె" అన్నాడు.

బాబా చెయ్యి చాపాడు. యూసుఫ్ తుపాకీ అందించాడు. బాబా బోల్టు దగ్గర వాసన చూశాడు. తర్వాత, మెల్లగా, చెంప ఆనించేచోట చూశాడు. రెండూ ఒకటే వాసన. ఆయన అడగకముందే దుర్గకు తెలిసిపోయింది ఏమడుగుతాడో.

"ఎప్పట్నుంచి?"

అబద్ధం చెప్పవచ్చు. ఈ ఒక్కసారే రాశాను బాబా, మీరు లేనప్పుడు, అంటే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మొహం చూశాక రాలేదు.

"ఆ వేసవి నుంచి బాబా. వాసన లేదని మీరు బీరువా తెరవడం మానేశారు కదా. అప్పట్నుంచి."

యూసుఫ్‌కి ఇదంతా అర్థం కాలేదు. ఏ వాసన, ఎవరు మానేశారు అని తండ్రి మొహం చూశాడు, దుర్గ మొహం చూశాడు. ఒక పనిమనిషికీ తన తండ్రికీ మధ్య తనకు తెలియని మాట ఒకటుందని మాత్రం అర్థమైంది. అది అతనికి నచ్చలేదు. అయినా మాట తప్పలేదు. "సరే, పనిచేస్తోంది కదా నాన్నా. నా పేర రాయించుకుంటాను. కడిగించి శుభ్రం చేయిస్తాను" అన్నాడు.

"వద్దు. రేపు ఇచ్చేసెయ్" అన్నాడు బాబా.

"నాన్నా, అమ్మది అన్నారు కదా."

"అనుకున్నాను."

ఆయన తుపాకీని కొడుకు చేతుల్లో పెట్టి, కర్ర ఊతంతో లేచాడు. దుర్గ చెయ్యి పట్టుకోవడానికి ముందుకు వెళ్లింది. ఆయన ఆగి, ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని దుర్గకు అనిపించింది.

"నువ్వు చెడు తలచి చెయ్యలేదు, నాకు తెలుసు. కానీ అమ్మా, ఆమె ఎప్పుడు వెళ్లిపోయిందో నాకు తెలియనివ్వలేదు నువ్వు. వెళ్లిపోయాక కూడా ఇన్నేళ్లు నేను మాట్లాడుతూనే ఉన్నాను."

ఆమె చెయ్యి అందుకోకుండా లోపలికి వెళ్లాడు. మజ్లిస్ తలుపు ఎప్పుడూ దుర్గే వేసేది. ఆవేళ ఆయనే వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున యూసుఫ్ తుపాకీని పాతదుప్పటిలో చుట్టి కారు వెనకసీట్లో పెట్టుకుని వెళ్లాడు. వెళ్లేముందు బీరువా తాళంచెవి అడిగాడు. దుర్గ ఇచ్చేసింది. వంటింటి కిటికీలోంచి కారు వీధిమలుపు తిరిగేదాకా చూసింది. మజ్లిస్ తలుపు మూసే ఉంది. టీవీలో ఖురాన్ పారాయణం సన్నగా వినిపిస్తోంది. గుమ్మం దగ్గర చాయ్ పెట్టి తలుపు తట్టింది. "షుక్రన్" అని థాంక్స్ చెప్పాడు బాబా లోపల్నుంచి, ఎవరికైనా చెప్పినట్టు.

పనంతా అయ్యాక, సాయంత్రం, దుర్గ పెరటివైపున్న తన గదికి వచ్చింది. స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పింది. ఈ దేశంలో జూన్ నెలలో చన్నీళ్ల కుళాయిలో కూడా సలసల కాగేవే వస్తాయి. బకెట్టు నింపి, అవి చల్లారేదాకా గట్టుమీద కూర్చుంది. తర్వాత కట్టుబట్టలతోనే లేచి నిలబడి, నెత్తిమీద చెంబుతో పోసుకుంది. ఒకసారి కాదు, బకెట్టు అయ్యేదాకా పోసుకుంది. అప్పుడు ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది. వినేవాళ్లెవరూ లేరు కాబట్టి ఆపుకోవలసిన పని లేదు.

తడిజుట్టు భుజాలమీద వేసుకుని మంచంమీద కూర్చుంటే సాయికుమారి వీడియో కాల్ చేసింది. చెల్లెలు చూడగానే కనిపెట్టింది.

"ఏటక్కా, దీపాలేళ తలకి పోసుకున్నావేటి? జుట్టంతా అలా నీళ్లోడతందేటి? ఒంట్లో బాలేదా?"

"బానే ఉందే."

"మరేటి? ఎవరన్నా పోయారేటి?"

"ఆఁ. ఈ ఇంటి పెద్దావిడ పోయింది."

"అయ్యో. పెద్దావిడ పోయి శానా ఏళ్లయిందన్నావు గదే? ఇంకో ఆవిడున్నాదా?"

"లేదే. ఆవిడే."

సాయికుమారికి ఏమీ అర్థం కాలేదు. అక్క మొహం చూసి, ఎదురు అడగడం మానేసింది. ఊళ్లో ఆడవాళ్లు చావుకబురు వినగానే మొట్టమొదట అడిగే మాటే అడిగింది.

"మరి నీకు వరసకి ఏమవుద్దక్కా? మైల ఎన్నాళ్లు?"

దుర్గ ఆలోచించింది. పిన్ని కాదు, వదిన కాదు, అత్త కాదు. ఏ పేరుతో పిలవాలో తెలియదు. మొహం తెలియదు, గొంతు తెలియదు. చెయ్యి ఒక్కటే తెలుసు.

"వరస తెలీదే. మైల నాకొక్కదానికేలే, నీకేం అంటదు. నువ్వెళ్లి దీపం పెట్టుకో" అంది.